హాథీరామ్ చెయ్యెత్తినప్పుడు మనం ఎటువైపు?

ఢిల్లీ క్రైమ్, పాతాళ్‌లోక్, దహాడ్... చూసినవాళ్లెవరూ ఒక్కమాట మీద లేరు. ఆ తగువంతా సిరీస్‌ల గురించేనా?

పాతాళ్‌లోక్ మొదటి సీజన్‌లో ఒక సన్నివేశం గురించి చూసినవాళ్లు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. ఇన్‌స్పెక్టర్ హాథీరామ్ చౌధరి కోపం ఆపుకోలేక భార్య రేణును చెంప మీద కొడతాడు. మామూలు సినిమాలో అయితే ఆవిడ ఏడవాలి, పుట్టింటికి పెట్టె సర్దుకోవాలి. గుల్ పనాగ్ వేసిన రేణు ఆ రెండూ చెయ్యదు. తనూ ఒక్కటిస్తుంది. ‘భలే ఇచ్చింది’ అని ఆడవాళ్లు మెచ్చుకున్నారు, మగవాళ్లలోనూ చాలామంది మెచ్చుకున్నారు. మంచివాడే కావచ్చు, మన హీరోయే కావచ్చు, కొడితే మాత్రం పడాల్సిందేనని అందరికీ అనిపించింది.

అదే హాథీరామ్ ఠాణాలో విచారణ పేరుతో చెయ్యి చేసుకుంటాడు. అక్కడ తిరిగి కొట్టేవాడు ఉండడు. చూసేవాళ్లు కూడా పెద్దగా పట్టించుకోరు. కథ ముందుకెళ్లాలి, నిజం బయటికి రావాలి, నాలుగు తగిలితేనే కదా నోరు విప్పేది అనుకుంటూ తర్వాతి ఎపిసోడ్‌కి వెళ్లిపోతారు. ఈ పోలీసు సిరీస్‌ల మీద వినబడే అభిప్రాయాలన్నీ పోగేసి చూస్తే నాకు వింతగా తోచింది ఇదే. బూతుల మీద తగువుంది, నిడివి మీద ఉంది, మతం మీద, కులం మీద, పోలీసుల పరువు మీద ఉంది. ఆ దెబ్బ మీద మాత్రం తగువు చాలా తక్కువ.

2018లో సేక్రెడ్ గేమ్స్ తలుపు తీసింది. 2019 మార్చిలో ఢిల్లీ క్రైమ్ వచ్చింది. 2020 మేలో, జనమంతా లాక్‌డౌన్‌లో ఇళ్లల్లో ఉన్నప్పుడు పాతాళ్‌లోక్ దిగింది. 2023లో దహాడ్, కోహ్రా. ఈ కొద్ది ఏళ్లలో హిందీ తెర మీద పోలీసు మారిపోయాడు. పొట్ట వచ్చింది, నిద్ర కరువైంది, ప్రమోషన్ ఆగిపోయింది, కొడుకు దృష్టిలో చులకనయ్యాడు. గాల్లో ఎగిరే జీపులూ, చొక్కా చింపుకుని కొట్టే హీరోలూ అలవాటైన మన ఇళ్లల్లో కూడా సబ్‌టైటిళ్లు చదువుకుంటూ వాణ్ని చూశారు. చూసి ఊరుకోలేదు.

అత్తగారి పక్కన కూర్చుని చూడలేం

అన్నిటికన్నా ముందొచ్చే ఫిర్యాదు భాష గురించి. ‘కథ బాగుంది, కానీ టీవీ హాల్లో ఉంది. అత్తగారు పక్కన కూర్చుంటే రిమోట్ కోసం తడుముకోవాల్సి వస్తోంది’ అన్న మాట చాలా ఇళ్లల్లో వినబడేదే. తెలుగువాళ్లకు ఈ కష్టం పూర్తిగా తెలిసింది 2023 మార్చిలో, రానా నాయుడు వచ్చినప్పుడు. వెంకటేశ్ ఉన్నాడు కదా అని కుటుంబమంతా కలిసి కూర్చున్నారు. పది నిమిషాల్లో ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లారు. అది పోలీసు కథ కాదు. కానీ ఓటీటీ అంటే ఏమిటో మన హాల్లోకి వచ్చి చెప్పిన సిరీస్ అదే. వీటికి సినిమాల్లాగా సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు, పెద్దలకు మాత్రమే అంటూ వయసు గుర్తు వేస్తే చాలు. ఆ గుర్తు తెర మూలన కాసేపు కనిపించి మాయమవుతుంది. చూసేదెవరు?

ఈ ఫిర్యాదుతో నాకు సగమే పేచీ. యమునకు అవతలి ఠాణాలో రాత్రి డ్యూటీలో ఉన్న ఇన్‌స్పెక్టరు, దొంగను ‘దయచేసి కూర్చోండి’ అంటే మనమే నవ్వుతాం. పాతాళ్‌లోక్‌లో తిట్టు ఊరికే రాదు. ఎవరు ఎవర్ని తిట్టగలరన్న దాన్నిబట్టి అక్కడ ఎవరి స్థాయి ఎంతో తెలుస్తుంది. ఐపీఎస్‌కు చదువుతున్న ఇమ్రాన్ అన్సారీ వింటుండగానే తోటి పోలీసులు అతని మతం మీద విసిరే మాటలు అలాంటివే. అతను నవ్వీ నవ్వనట్టు ఉండిపోతాడు. ఇమ్రాన్‌గా ఇష్వాక్ సింగ్ ఆ మొహం పెట్టడం ఒక్కసారి చూస్తే చాలు, ఆ మాటలు స్క్రిప్టులో ఎందుకున్నాయో వేరే చెప్పక్కర్లేదు. దాని వెనకాలే వచ్చిన డజను సిరీస్‌ల సంగతి వేరు. వాటిలో బూతు కూరలో కారంలా పడింది. చెయ్యి తిరగనివాడు వేసిన కారం.

నిడివి గురించి ఎక్కువ చెప్పను. ‘నత్తనడక’ అని విసుక్కునేవాళ్లకూ, ‘మొదటి రెండు ఎపిసోడ్లు ఓపిక పట్టు, తర్వాత నువ్వే లేవవు’ అని బతిమాలేవాళ్లకూ మధ్య సంధి కుదరదు. కేసంటే పంచనామా, కాల్ డేటా, తప్పుడు అడ్రసు, పై అధికారి ఫోను, బందోబస్తు డ్యూటీ పడి ఆగిపోయిన దర్యాప్తు. అదంతా చూపించకపోతే మళ్లీ జీపులు గాల్లోకి లేస్తాయి.

నలుగురు నిందితులు

పాతాళ్‌లోక్ కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒక పేరున్న టీవీ జర్నలిస్టును చంపబోతున్నారని ఢిల్లీ పోలీసులు వంతెన మీద నలుగుర్ని పట్టుకుంటారు. ఏళ్ల తరబడి ఒక్క పెద్ద కేసైనా చేతికి రాని హాథీరామ్‌కు ఈ కేసు దొరుకుతుంది. దేవలోకం, భూలోకం, పాతాళం అంటూ ఊరిని మూడు వాటాలు వేసి, తన ఠాణా మూడోదాంట్లో ఉందని చెప్పుకునే మనిషి. ఈ సిద్ధాంతం శాస్త్రాల్లో ఉందట, తను మాత్రం వాట్సాప్‌లో చదివాడట. జైదీప్ అహ్లావత్ ఆ మాట అన్న తీరుతోనే సగం మంది ప్రేక్షకులు అతని పక్షం చేరిపోయారు. కేసు తర్వాత సీబీఐకి వెళ్తుంది, ఉగ్రవాద కుట్ర అన్న నీటైన కథ తయారవుతుంది. హాథీరామ్ మాత్రం ఆ నలుగురూ ఎవరని వెతుక్కుంటూ పోతాడు. చిత్రకూట్ నుంచి వచ్చిన హంతకుడు త్యాగి, కుల అవమానం తిన్న పంజాబ్ కుర్రాడు, ఈశాన్యం నుంచి వచ్చి ఢిల్లీ వీధుల్లో పెరిగిన చీనీ. నాలుగోవాడు కబీర్. అతను ముస్లిం అని ఎవరికీ తెలియకూడదని తండ్రి జాగ్రత్తపడుతూ పెంచాడు. అలాంటివాణ్ని చివరికి జిహాదీ అని ముద్ర వేశారు.

ఇక్కడ ప్రేక్షకులు నిలువునా చీలిపోయారు. ‘నేరం చేసినవాడికి బాల్యం చూపించి జాలి పుట్టిస్తున్నారు, చచ్చినవాళ్లకు బాల్యం లేదా?’ అన్నది ఒక వర్గం. కొట్టిపారేసే మాట కాదు. తొమ్మిది ఎపిసోడ్లలో త్యాగి చేతిలో పోయినవాళ్ల ఇళ్లకు కెమెరా వెళ్లింది తక్కువే. ‘ఎవడూ పుట్టుకతో హంతకుడు కాడని మొదటిసారి అనిపించింది’ అన్నది రెండో వర్గం. రాజకీయ అభ్యంతరాలూ వచ్చాయి. ఒక మాట మీద గోర్ఖాలు నిరసన తెలిపారు. ఉత్తరప్రదేశ్‌లో ఒక శాసనసభ్యుడు తన ఫొటో వాడుకున్నారని ఫిర్యాదు చేశాడు.

తెలుగు ప్రేక్షకుడు ఈ చీలికలో ఎక్కడ నిలబడ్డాడో ఆలోచిస్తే నాకు పాతాళ్‌లోక్ కన్నా ముందు శంషాబాద్ గుర్తొస్తుంది.

2019 నవంబరు 27 రాత్రి అక్కడ ఒక యువ పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం అందరికీ తెలిసిందే. కూతురు ఇంటికి రాలేదని ఆ రాత్రి ఫిర్యాదు చెయ్యబోతే ఇది మా పరిధి కాదంటూ పోలీసులు తిప్పారని కుటుంబం వాపోయింది. ఒక ఎస్.ఐ.నీ, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లనూ సస్పెండ్ చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అక్కడికి జనం వెళ్లి పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు, భుజాలకెత్తుకున్నారు. వారం కింద పరిధి అడిగిన శాఖ మీదే ఆ పూలు పడ్డాయి. ఆ మాట ఆ రోజు అన్నవాళ్లను ద్రోహుల్లా చూశారు.

సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022 జనవరిలో నివేదిక ఇచ్చింది. మేలో అది బయటికొచ్చింది. నిందితులు ఆయుధాలు లాక్కుని కాల్పులు జరిపారన్న పోలీసుల కథను కమిషన్ నమ్మలేదు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని తేల్చి, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా చెప్పింది. ఈ నివేదిక వచ్చిన రోజు పూలు చల్లిన రోజంత చర్చ జరగలేదు.

ఒక సిరీస్‌లోని కల్పిత నేరాన్నీ, ఒక ఆడపిల్ల ప్రాణాన్నీ ఒకే గాటన కట్టడం లేదు. నేను అడిగేది ప్రేక్షకుణ్ని. అక్కడా నలుగురు నిందితులే, ఇక్కడా నలుగురే. ఆరు నెలల తేడాలో, చాలా ఇళ్లల్లో అదే సోఫా మీద కూర్చుని మనం రెండింటికీ చప్పట్లు కొట్టాం. నీటైన కథను నమ్మనివాణ్ని హీరో అన్నాం. నీటైన కథ చెప్పినవాళ్లనూ హీరోలన్నాం. సిరీస్‌లో పోలీసులు ఆ నలుగుర్నీ వంతెన మీదే కాల్చేసి ఉంటే కథ మొదటి ఎపిసోడ్‌లోనే అయిపోయేది. అసలు దోషులు హాయిగా ఉండేవాళ్లు. ఇది స్క్రీన్‌ప్లే సంగతిగా అందరికీ అర్థమవుతుంది. చట్టం సంగతిగా చెప్తే కోపం వస్తుంది.

ఖాకీ వాళ్లేమంటారు

పోలీసు ఇళ్లల్లో ఈ సిరీస్‌ల మీద రెండు రకాల మాటలు నడుస్తాయి. ‘మమ్మల్ని తాగుబోతులుగా, లంచగొండులుగా చూపిస్తారు’ అన్న గుర్రు ఒకటి. ‘మా ఆయన ఎందుకలా ఉంటాడో పిల్లలకు అది చూశాకే అర్థమైంది’ అన్నది ఇంకొకటి. రెండోదానికి లెక్కల ఆధారం ఉంది. 2019లో కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థలు 21 రాష్ట్రాల్లో పన్నెండు వేల మంది దాకా పోలీసుల్ని అడిగి ఒక నివేదిక వేశాయి. సగటు డ్యూటీ రోజుకు 14 గంటలు. ఇద్దరిలో ఒకరికి వారానికి ఒక్క సెలవు కూడా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులకు వీక్లీ ఆఫ్ ప్రకటించింది కూడా అదే ఏడాది జూన్‌లో. అంతకుముందు కానిస్టేబుల్ ఇంట్లో ఆదివారం అనే మాటకు అర్థం లేదు.

అదే నివేదికలో మరో లెక్క ఉంది. చిన్న నేరాలకు కోర్టు దాకా పోకుండా పోలీసులే ఓ చిన్న శిక్ష వేస్తే మేలని 37 శాతం మంది అన్నారు. ప్రమాదకరమైన నేరస్తుల్ని విచారించడం కన్నా చంపడమే నయమని ప్రతి ఐదుగురిలో ఒకరు అన్నారు. పూలు చల్లిన జనాన్ని ఇదే ప్రశ్న అడిగితే ఈ అంకె ఇంకా పెద్దదే అయ్యుండేదని నా అనుమానం.

ఢిల్లీ క్రైమ్ మీద వచ్చిన పేచీ పోలీసుల ఆ గుర్రుకు తిరగేసింది. 2012 డిసెంబరు నిర్భయ కేసును రిచీ మెహతా ఏడు ఎపిసోడ్లుగా తీశాడు. 2020లో అంతర్జాతీయ ఎమ్మీల్లో ఉత్తమ డ్రామా సిరీస్ అయింది. ఆ అవార్డు ఒక భారతీయ సిరీస్‌కు రావడం అదే మొదటిసారి. అత్యాచారాన్ని తెర మీద చూపించకపోవడాన్ని ఆడవాళ్లు ముఖ్యంగా మెచ్చుకున్నారు. ఆసుపత్రిలో డీసీపీ వర్తికా చతుర్వేది మొహం చూపిస్తే చాలనుకున్నాడు దర్శకుడు. షెఫాలీ షా కళ్లు ఆ పని చేశాయి. కానీ ‘ఇది పోలీసుల వైపు నుంచి చెప్పిన కథ’ అన్న విమర్శ అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ ఉంది. ఇండియా గేట్ దగ్గర లాఠీదెబ్బలు, నీటి ఫిరంగులు తిన్నవాళ్లకు ఆ సిరీస్‌లో తమ మొహాలు కనబడలేదు. వీధిలో నినదిస్తున్న జనం అక్కడ దర్యాప్తుకు అడ్డం వచ్చే గోలగానే ఎక్కువ వినిపిస్తారు. నాకు ఆ సిరీస్ ఇష్టం. ఈ విమర్శకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. పోలీసు కుర్చీ పక్కన కెమెరా పెట్టాక కిటికీ అవతల ఉన్నవాళ్లు చిన్నగానే కనబడతారు.

ఆ కిటికీని కాస్త పెద్దది చేసింది దహాడ్. రాజస్థాన్‌లో పేదింటి ఆడపిల్లలు ఒక్కొక్కరే మాయమవుతుంటారు. లేచిపోయిందన్న సిగ్గుతో ఇంట్లోవాళ్లు నోరు మెదపరు కాబట్టి కేసే ఉండదు. కర్ణాటకలో ఇరవైమంది స్త్రీలకు గర్భనిరోధక మాత్రని చెప్పి సైనైడ్ ఇచ్చి చంపిన టీచరు ఉదంతం దీనికి ఆధారం. హంతకుడిగా వేసిన విజయ్ వర్మ మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాడు. అంత మెత్తగా మాట్లాడే రాక్షసుణ్ని ఈమధ్య చూడలేదు. సోనాక్షి సిన్హా వేసిన ఎస్.ఐ. అంజలి భాటీ దళితురాలు. ఆమె పక్కనుంచి వెళ్లిన ప్రతిసారీ ఠాణాలో ఒక కానిస్టేబుల్ అగరొత్తి వెలిగిస్తాడు. సిరీస్ అంతా మరిచిపోయినవాళ్లకు కూడా ఆ అగరొత్తి గుర్తుంది. ‘ఈ రోజుల్లో కూడా ఇలా ఉంటుందా’ అని ఆశ్చర్యపడ్డవాళ్ల ఇంటిపేర్లూ, ‘ఇంతేనా చూపించింది’ అన్నవాళ్ల ఇంటిపేర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వ్యాసం అవుతుంది. అది ఇంకోసారి.

పంజాబ్ నేపథ్యంలో వచ్చిన కోహ్రా గురించి ఒక్క మాట. దర్యాప్తు అంటే ముందు చేతికి దొరికినవాణ్ని బాదడమే అన్న సంగతిని అది దాచలేదు, గొప్పగానూ చూపించలేదు. సువీందర్ విక్కీ వేసిన బల్బీర్ సింగ్ ఇంట్లో కూతురితో మాట్లాడలేకపోవడానికీ, ఠాణాలో చేసే పనికీ సంబంధం ఉందని చూసేవాడికి తెలుస్తుంది. దీనికి పాతాళ్‌లోక్ అంత పేరు రాకపోవడం నాకు కష్టంగా ఉంది.

2025 జనవరిలో వచ్చిన పాతాళ్‌లోక్ రెండో సీజన్ నాగాలాండ్‌కు వెళ్లింది. మాటల్లో చాలా భాగం నాగామీస్. మొదటి సీజన్‌లోని కులం బురద ఇందులో లేదని పెదవి విరిచినవాళ్లున్నారు. నాగా నటులకు ఇన్ని మాటలు, ఇంత చోటు ఇచ్చిన హిందీ సిరీస్ ఇంకోటి చెప్పమన్నవాళ్లూ ఉన్నారు. వ్యాపారి కపిల్ రెడ్డిగా నగేశ్ కుకునూర్ కనబడగానే ‘హైదరాబాద్ బ్లూస్’ తరం వాళ్లు ఉలిక్కిపడ్డారు. మధ్యలో జరిగే ఒక చావు మాత్రం అందర్నీ ఏకం చేసింది. చూడనివాళ్ల కోసం పేరు చెప్పను. అది చూశాక ఆ రాత్రికి టీవీ కట్టేశామని చెప్పినవాళ్లు నాకు తెలుసు.

మన ఠాణా కథ ఎక్కడుంది

తెలుగులో పోలీసు కథలకు కరువు లేదు. కొండవీటి సింహం నుంచి అంకుశం మీదుగా విక్రమార్కుడు, గబ్బర్ సింగ్, టెంపర్ దాకా ఖాకీ కట్టని పెద్ద హీరో అరుదు. ఆ ఖాకీ కాస్ట్యూమ్ మాత్రమే. కింద హీరో ఉంటాడు, ఉద్యోగం ఉండదు. హిట్ మూడో భాగంలో నాని పాత్ర మనుషుల్ని నరుకుతుంటే దాన్ని మనవాళ్లు ఎలివేషన్ అన్నారు. దర్యాప్తు అనలేదు. ముగ్గురు పోలీసులే పారిపోవాల్సివచ్చే మలయాళ సినిమా నాయట్టును 2023లో కోటబొమ్మాళి పీఎస్‌గా తెచ్చుకున్నాం. మంచి ప్రయత్నమే, కానీ అదీ అరువే. మన ఓటీటీలో పోలీసు కథలు వస్తున్నాయి. ఠాణాలో రైటర్ బల్ల, పాత రిజిస్టర్లు, హోంగార్డు జీతం, సెటిల్‌మెంటుకు వచ్చి బెంచీ మీద కూర్చున్న పెద్దమనుషులు మాత్రం వాటిలో పెద్దగా కనబడరు.

కథలు లేకనా అంటే, ఒకటి గుంటూరులోనే ఉంది. 1983లో పని వెతుక్కుంటూ వచ్చిన తమిళ కుర్రాడు ఎం. చంద్రకుమార్‌ను చెయ్యని నేరానికి అక్కడి పోలీసులు లాకప్‌లో పెట్టారు. తర్వాత కోయంబత్తూరులో ఆటో నడుపుకుంటూ ఆయన ఆ అనుభవాన్ని ‘లాకప్’ అనే పుస్తకంగా రాశారు. దాన్నుంచి వెట్రిమారన్ ‘విసారణై’ తీశాడు. 2015లో వెనిస్ చిత్రోత్సవంలో ఆడింది, ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ అవార్డు తీసుకుంది, ఆస్కార్‌కు మన దేశం తరఫున వెళ్లింది. అందులో ఇన్‌స్పెక్టర్‌గా కొట్టేది మన అజయ్ ఘోష్. కొట్టే మాటలు తెలుగు, ఏడ్చే మాటలు తమిళం. ‘మన పోలీసుల్ని విలన్లు చేశారు’ అని ఎవరైనా అనబోతే సినిమా రెండో సగం చూడమని చెప్పాలి. అక్కడ తమిళ పోలీసులు, చెన్నై. అంతకంటే మెరుగేం కాదు.

ఆ సినిమా చూస్తూ పాతాళ్‌లోక్‌లో లాగా ‘నాలుగు తగిలితేనే నోరు విప్పుతాడు’ అనుకోవడం కుదరదు. కెమెరా దెబ్బ తినేవాడి పక్కన ఉంది, వాడి దగ్గర చెప్పడానికి ఏమీ లేదు, ఆ సంగతి మనకు ముందే తెలుసు. జై భీమ్‌లోనూ అంతే. 2021 నవంబరులో తమిళంతో పాటు తెలుగులోనూ వచ్చిన ఆ సినిమాలో రాజన్న లాకప్ దృశ్యాలను వేగంగా ముందుకు జరిపేసి చూశామన్నవాళ్లు మనలో చాలామంది. హాథీరామ్ కొట్టినప్పుడు ఎవరూ అలా జరపలేదు. తేడా కెమెరా ఎవరి పక్కన ఉందన్న దాంట్లోనే ఉంది.

గుంటూరు లాకప్ కథలో ఇంకో వైపు కూడా ఉంది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్, కేసు కట్టిన రైటర్, కేసు తేల్చాలని పై నుంచి వచ్చిన ఫోను, ఆ ఫోను ఎత్తిన సీఐ. వాళ్లలో ఒకడైనా ‘వీళ్లు కాదేమో సార్’ అని గొణిగి ఉంటాడు, తిట్లు తిని ఉంటాడు. ఆ గొణిగినవాడి కథ తెలుగులో ఎవరైనా తీస్తే, సబ్‌టైటిళ్లతో హిందీ సిరీస్‌లు చూసిన జనమే చూస్తారు. బూతులెక్కువయ్యాయని తిడుతూ, నత్తనడకని విసుక్కుంటూ, తెల్లారేదాకా కూర్చుని మరీ చూస్తారు.